సిగ్నల్ తెగని రిమోట్

కెమెరా ఉన్న నా బొమ్మ విమానానికి రిమోట్ ఎంచుకోవడానికి నెల పట్టింది. సిగ్నల్ మధ్యలో తెగితే విమానం పోయినట్టే కదా, అందుకని అన్నిటికంటే దూరం పనిచేసేదే కొన్నాను. మా ఊరి థర్మల్ ప్లాంటు దరిదాపుల్లో ఎగరేయకూడదు కాబట్టి ఈ రోజు సిరవార అనే ఊరి దగ్గర, మా కొట్టుకు పాత గిరాకీ అయిన సుబ్బారావుగారి పొలానికి వెళ్లాను.

కాలువ చివరి పొలం ఆయనది. వారంగా నీళ్లు రాక నారు ఎండుతోంది. విమానం లేవగానే ఆయన నా రిమోట్ తెరకు అతుక్కుపోయారు.

"కాలువ వెంబడే పైకి పోనివ్వండి. నీళ్లకి అడ్డం వేసిన వెధవెవడో ఇవాళ తేలిపోవాలి!"

"గీ రిమోట్‌కు సిగ్నల్ తెగుడన్నదే లేదు సార్" అన్నాను గర్వంగా.

రెండు కిలోమీటర్ల అవతల కాలువకు అడ్డంగా ఇసుక బస్తాలు కనిపించాయి. పక్కనే నిలబెట్టిన ట్రాక్టరు తన బావమరిదిదని ఆయనే గుర్తుపట్టారు.

"మా ఆవిడ అడిగితే సిగ్నల్ తెగిపోయిందని చెప్పండి" అన్నారు చివరికి.

మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ ఆవిడ అడగనే అడిగారు: "కనిపించాడా బాబూ, ఆ దొంగ?"

నెల రోజులు వెతికి కొన్న రిమోట్‌కు మొదటి రోజే చెడ్డపేరు తెచ్చాను. మీరైతే ఏం చెప్పేవారు?