మా రత్నం పేగు ముక్క

దయ్యాలు లేవని నేను నమ్మి ఊరుకున్నవాణ్ణి కాను, వాదించి గెలిచినవాణ్ణి. అమలాపురం, కొత్తపేట, రాజోలు చుట్టుపక్కల ఎక్కడ చేతబడి అన్న మాట వినిపించినా వెళ్లి మైకు పట్టుకునేవాణ్ణి. నిప్పుల మీద నడిచాను. గాలిలోంచి విభూతి తీసి, ఎలా తీశానో కూడా అక్కడే చెప్పాను. ఇప్పుడు రాయబోయేది చదివి మీరు నవ్వితే నాకు అభ్యంతరం లేదు. ఇంకొకరు రాసి ఉంటే అందరికంటే ముందు నవ్వేవాణ్ణి నేనే.

నేను మెడికల్ కాలేజీలో పాఠం చెబుతాను. శరీరంలోని భాగాల్ని పల్చగా కోసి, రంగులు వేసి, మైక్రోస్కోపులో పిల్లలకు చూపించడం నా పని.

చిన్నపేగు లోపలి గోడను అలా చూస్తే ఒత్తుగా ఎదిగిన వరిచేనులా ఉంటుంది. సన్నటి వేళ్లలాంటి మొలకలు పక్కపక్కనే నిలబడి ఉంటాయి. వాటిని చూషకాలంటారు. తిన్నది ఒంటికి పట్టేది వాటి వల్లే. పెద్దపేగులో అవి ఉండవు. అక్కడ గోడ చదును. వరసగా తవ్విన బావుల్లాంటి గుంటలు, ఆ గుంటల నిండా జిగురు ఊరే కణాలు. మొదటి సంవత్సరం పిల్లలు నేర్చుకునే మొదటి తేడా ఇదే.

రత్నం నా చెల్లెలు. మా ఊరు రాజోలుకు దిగువన, గోదావరి గట్టు పక్కన. నాన్న చేపల వేట మీద మమ్మల్ని పెంచాడు. రత్నం కువైట్‌లో ఒక ఇంట్లో వంటపని చేసి వచ్చింది. వచ్చినప్పటి నుంచీ తింటూనే ఉంది, చిక్కిపోతూనే ఉంది.

ఊరు తేల్చేసింది, పెట్టుడుమందని. ఎవరో గిట్టనివాళ్లు తిండిలో ఏదో కలిపి పెట్టారని, అది కడుపులో పాతుకుపోయి మనిషిని లోపల్నుంచి తినేస్తోందని. దాన్ని కక్కించే ఘనుడు పక్క ఊళ్లోనే ఉన్నాడు. నేను వెళ్లనివ్వలేదు. పెద్దాసుపత్రికి తీసుకెళ్లి, నోట్లోంచి గొట్టం పంపించి, చిన్నపేగు ముక్క తీయించాను.

ఆ స్లైడు నేనూ చూశాను. చూషకాలు లేవు. కోసేసిన చేను. గోధుమ పడని జబ్బన్నారు. గోధుమ మానేస్తే చాలామందికి అవి తిరిగి మొలుస్తాయి. రత్నం మానేసింది. మొలవలేదు.

అమ్మకు ఇవన్నీ అర్థమయ్యేలా చెప్పాను. నువ్వెంత పెట్టినా దానికి ఒంటబట్టదమ్మా, ఒంటికి పట్టించేవి పోయాయి అన్నాను.

స్లైడొకటి నా దగ్గర ఉంచుకోమన్నది రత్నమే. “మీ పిల్లలకి పరీక్షలో పెట్టన్నయ్యా. నా పేగు చూసి ఎంతమంది బోల్తాపడతారో చూద్దాం” అంది.

ప్రతి బ్యాచీ బోల్తాపడింది. చదునుగా కనిపించగానే పెద్దపేగని చెప్పేసేవాళ్లు. జిగురు కణాలు ఇంత తక్కువుంటే పెద్దపేగెలా అవుతుందని నేను అరిచేవాణ్ణి. సాయంత్రం ఫోన్లో చెబితే రత్నం పడీ పడీ నవ్వేది. “పాపం, మార్కులేసెయ్యన్నయ్యా. నేనైనా అదే చెబుదును.”

సభల్లో ఆ స్లైడు ఫొటోను తెర మీద వేసేవాణ్ణి. ఇదిగో మీ పెట్టుడుమందు, కళ్లుంటే చూడండి అనేవాణ్ణి.

మొన్న వానాకాలంలో రత్నం పోయింది. చివరి రోజుల్లో చీరమేను వచ్చిందా అని అమ్మను అడుగుతుండేది. దారప్పోగుల్లాంటి చేపపిల్లలు అవి. తూర్పుగాలి తిరిగాక కొద్దిరోజులే గోదావరిలో దొరుకుతాయి, చీరగుడ్డతో పడతారు. రత్నం ఉన్నంతవరకూ రాలేదు.

మా ఇంట్లో కర్మకాండలు లేవు. నాన్నకు చేయలేదు. రత్నం కూడా వద్దంది. అమ్మ ఎదురు చెప్పలేదు. కానీ తిండి మానేసింది. కంచం ముందు కూచుని రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకునేది.

“అది ఆకలితో పోయిందిరా. నాకెలా దిగుద్ది?”

చచ్చిపోయినవాళ్లకు ఆకలి ఉండదని చెప్పాను. ఆకలి ఎక్కడ పుడుతుందో, మెదడుకు ఎలా తెలుస్తుందో చెప్పాను. మైకు ముందు చెప్పినదానికంటే బాగా చెప్పాను. “ఆయ్, చదూకున్నోడివి, నీకు తెల్సుద్ది” అనేది. ముద్ద మాత్రం దిగేది కాదు. తను చిక్కేకొద్దీ నడుము దగ్గర చీర కుచ్చిళ్లు లావెక్కుతూ వచ్చాయి. అమ్మను కూడా పోగొట్టుకోబోతున్నానని నాకు అర్థమైంది.

చీరమేను వచ్చిన రోజుల్లో ఒక ఉదయం, కాలేజీలో ప్రాక్టికల్ జరుగుతోంది. రత్నం స్లైడును ఎప్పటిలాగే చివరి బల్ల మీద పెట్టాను. మండపేట నుంచి వచ్చి చదువుకుంటున్న అమ్మాయి చూసి, “చిన్నపేగండి. బాగానే ఉందండి” అంది.

“బాగుండటమేమిటమ్మా? సరిగా చూడు.”

“చూసేనండి. చూషకాలు ఎంత నిండుగా ఉన్నాయో, మీరే చూడండి సార్.”

చూశాను. నిలువునా, ఒత్తుగా, ఒకదాన్నొకటి రాసుకుంటూ నిలబడి ఉన్నాయి. పాఠ్యపుస్తకంలో వేయదగ్గ చిన్నపేగు.

ఎవరో స్లైడు మార్చారనుకున్నాను. తీసి వెలుతురులో పెట్టాను. అంచు మీద నా చేత్తో గీసిన గుర్తు ఉంది. పైన కప్పిన పల్చటి గాజు కింద జీడిగింజ ఆకారంలో గాలిబుడగ ఉంది. ముక్క కొడవలిలా వంగిన వంపూ అదే. ఫోన్లో పాత ఫొటో తీసి పక్కన పెట్టాను. వంపు అదే, బుడగ అదే. ఫొటోలో చదునుగా ఉన్నచోట స్లైడులో చూషకాలున్నాయి.

పక్క విభాగంలో రోజూ ఇలాంటి ముక్కలు చూసే డాక్టరమ్మను పిలిచి ఫొటో, స్లైడు రెండూ చూపించాను. “ఇద్దరు మనుషులవండీ ఇవి” అంది తేలిగ్గా. రెండింట్లోనూ ఉన్న బుడగ చూపించాను. మళ్లీ కళ్లు ఆనించి చాలాసేపు చూసింది. “నన్నడక్కండి” అని వెళ్లిపోయింది.

బతికున్న ఒంట్లో పేగు గోడ కొద్దిరోజులకోసారి కొత్తదవుతుంది. ఇది అలాంటిది కాదు. మందులో ఊరబెట్టి, మైనంలో పోతపోసి, కోసి, రంగేసి, గాజుకు అతికించిన ముక్క. అందులో ఏదీ పెరగదు. ఆ గదిలోని స్లైడు పెట్టెలన్నీ వెతికాను. మారిపోయిన స్లైడంటూ వేరే దొరకలేదు.

సాయంత్రం ఊరెళ్లాను. నన్ను చూడగానే అమ్మ తనే చెప్పేసింది. “పొద్దున్న చీరమేను గారెలేసి దాని పేరు చెప్పి గోడ మీద పెట్టేనురా. తిడితే తిట్టు.”

గోడ మీద అరిటాకు ఖాళీగా ఉంది. కాకి తిని ఉంటుంది, లేదా పిల్లి. ఇప్పటికీ అదే అంటాను. రెండు సంగతులు ఒకే ఉదయం జరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమైపోదు. ఈ మాట వంద సభల్లో చెప్పాను, ఇంకా చెబుతాను. కానీ ఆ స్లైడు ఇవాళ్టికీ చూషకాలతో అలాగే ఉంది. దాని ఫొటోను తెర మీద వేయడం మానేశాను.

నేను తిట్టలేదు. అమ్మ భయపడుతూ అడిగింది. “ఇప్పుడైనా దానికి ఒంటబట్టుద్దంటావా?”

లోకంలో నాకు బాగా తెలిసిన ప్రశ్న అది. చచ్చిపోయినవాళ్లు తినరమ్మా అనడానికే నోరు తెరిచాను.

“ఒంటికి పట్టించేవి మళ్లీ మొలిచేయమ్మా. పొద్దున్నే చూసేను” అన్నాను.

అమ్మ ఏడవలేదు. లోపలికెళ్లి కంచం పెట్టుకుంది. ఆ పూట కడుపునిండా తింది, మళ్లీ అన్నం వడ్డించుకుంది. నేను ఎదురుగా కూచుని చూస్తూ ఉండిపోయాను. అమ్మకు చెప్పినదాంట్లో ఒక్క ముక్క కల్పించలేదు. చూసిందే చెప్పాను. చూసింది ఏమిటో మాత్రం నాకిప్పటికీ తెలియదు.