అఖాతం తరఫున నికిఫర్ సాక్ష్యం

నికిఫర్ అబద్ధమాడడు. అలాస్కా ఒడ్డున మా ఊళ్ళో చంటిపిల్లనడిగినా ఈ మాటే చెబుతుంది. సీలు వేటలో గురి తప్పితే తప్పిందనే చెప్పేవాడు. తమ కోతలు కూడా బయటపడతాయని తోటివాళ్ళు ఆయనతో వేటకెళ్ళడమే మానేశారు.

అలాంటి మనిషిని ఆ ఏప్రిల్లో ఊరంతా కలిసి సాక్షిగా నిలబెట్టింది. ఓడల్లో చమురు మోసే కంపెనీ అయిదేళ్ళకోసారి ఒక ప్రణాళిక రాసి ప్రభుత్వం చేత ఆమోదింపజేసుకోవాలి. చమురు ఒలకకుండా ఏం చేస్తారో, ఒలికితే ముందుగా ఏ ఒడ్డుకి అడ్డుకట్టలు వేస్తారో అందులో ఉంటుంది. ఈసారి ఆ జాబితాలోంచి మా అఖాతం పేరు కొట్టేశారు. అక్కడ హెర్రింగు చేపలు గుడ్లు పెట్టడం లేదట! ఎలా పెడతాయి? ముప్పై ఏళ్ళ కిందట ఇలాంటి ఓడే పగిలి మా ఒడ్డంతా చమురులో మునిగింది. చేపల్ని చంపేసి, చేపలు లేవు గనక కాపలా దండగంటారా? ఒళ్ళు మండదూ?

స్కూలు హాల్లో విచారణ పెట్టారు. ప్రభుత్వం పంపిన అధికారిణి మెత్తగా అడిగింది.

"తాతగారూ, ఈ మధ్యకాలంలో అక్కడ హెర్రింగుల్ని మీ కళ్ళతో చూశారా?"

వెనక నుంచి పక్కింటి మత్వీ గొణిగాడు. "చూశానని చెప్పి చావు, ముసలోడా! నీ సొమ్మేం పోయింది?"

నికిఫర్ చూపు నేలకి దించుకున్నాడు. "చూశానమ్మా," అన్నాడు. "పోయిన వసంతంలో. అవి గుడ్లు పెట్టేప్పుడు నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి."

ఆవిడ రాసుకుంది. హాల్లో ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. మత్వీ కూడా తలదించుకున్నాడు.

ఆయన ఇల్లు చేరేలోపే, ఊళ్ళో ఇంటికీ ఇంటికీ మధ్య మాట్లాడుకునే రేడియోలో కబురు చేరిపోయింది. అక్క ఫెదోసియాకి తొంభై ఏళ్ళు. మంచం దిగని మనిషి లేచి కూర్చుని, సీలు నూనె గిన్నె ఒళ్ళో పెట్టుకుంది. హెర్రింగు గుడ్లు అంటుకున్న సముద్రపు నాచుని అందులో ముంచుకు తినడమంటే ఆవిడకి ప్రాణం.

"వచ్చాయటగా తమ్ముడూ! పోయినేడే వచ్చాయట! నాకొక్క ఆకైనా తేలేదేంరా? ఒక్కడివే తినేశావా?"

గుండె పగిలిపోయింది నికిఫర్‌కి. నిజం చెబితే ఆవిడ ఆ రేడియోలోనే ఊరందరితో మొత్తుకుంటుంది, అఖాతం మళ్ళీ పోతుంది. "మర్చిపోయానక్కా," అన్నాడు.

"మర్చిపోతావురా, నీకేం! పోనీలే, ఈ ఏడు తెద్దువుగాని. అవి తినిగాని చావను."

మే నెలలో ప్రణాళికకి ఆమోదం వచ్చింది, మా అఖాతం పేరుతో సహా. నికిఫర్ మాత్రం రోజూ పొద్దున్నే బకెట్ పట్టుకుని ఒడ్డుకి వెళ్ళేవాడు, సాయంత్రానికి ఖాళీ బకెట్‌తో తిరిగొచ్చేవాడు. గుమ్మంలో ఆయన మొహం చూసి అక్కే ఓదార్చేది.

"దానికే అంత దిగులేంరా? పోయినేడు వచ్చినవి ఈ ఏడు రాకుండా ఎక్కడికి పోతాయి!"