కొల్లేటి కాటాతో బెల్టు బిగింపు

పొద్దున్న ఎనిమిదింటికి ఏలూరులో బయలుదేరాను. మధ్యాహ్నం మూడింటికి నా భార్య సుభద్ర తాడేపల్లిగూడెంలో రైలు దిగుతుంది. ఆమెను నా కొత్త మోటార్ సైకిల్ మీద ఇంటికి తేవాలి. కొత్తదంటే నాకు కొత్త. ఎవరో విదేశం నుంచి తెప్పించుకుని, విసుగెత్తి అమ్మేసిన బండి. దానికి చైను ఉండదు, రబ్బరు బెల్టు. "దారిలో ఆగిందంటే ఇంక జన్మలో ఎక్కనండి" అని సుభద్ర ఫోనులో ముందే తేల్చేసింది.

మెకానిక్ మస్తాన్ గారు బెల్టు బిగువు చూడ్డానికి నూట ఇరవై రూపాయల గేజీ ఒకటి తెప్పించి ఇచ్చారు. పెన్నంత ప్లాస్టిక్ గొట్టం, లోపల స్ప్రింగు. "బెల్టు మధ్యలో దీంతో నాలుగున్నర కిలోల గీత దాకా నొక్కండి. అగ్గిపెట్టె మందం దిగాలండి. ఎక్కువ దిగితే వదులు, తక్కువ దిగితే బిగువు" అన్నారు. ఏలూరు దాటేముందు టిఫిన్ హోటల్లో ఇడ్లీ తింటూ దాన్ని పక్కబల్ల వాళ్ళకి కూడా చూపించాను. చూపించి అక్కడే మరిచిపోయాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

కొల్లేటి మధ్యలో పదకొండింటికి వెనక టైరు పంక్చరైంది. చక్రం విప్పి మళ్ళీ బిగించాక బెల్టు సరిచూడాలి. జేబు తడిమితే గేజీ లేదు. చెరువుగట్టు మీద చేపలు తూస్తున్న నారాయణ గారు సంగతి విని తమ స్ప్రింగు కాటా తెచ్చారు. "నొక్కితేనేం, లాగితేనేమండీ, బరువు బరువే కదండీ!" కొక్కెం తగిలించి బెల్టును కిందికి లాగాం. ముల్లు నాలుగున్నర మీదికి వచ్చేసరికి అగ్గిపెట్టె మందం దిగేలా బిగించాం. గెలిచేశాననుకున్నాను.

బండి కదలగానే బెల్టు ఈల వేసింది. వేగం పెంచితే కూత పెట్టింది. కొంగలు లేచిపోయాయి, రోడ్డు దాటుతున్న బాతుల మంద చెరువులోకి దూకేసింది. నాకు భయం, నవ్వు కలిసి వచ్చాయి. వేగం తగ్గించి అర కిలోమీటరు పోయానో లేదో, వెనక సైకిల్ మీద కాటాతో నారాయణ గారు.

"ఏవండీ! ఆగండేవండీ! మా కాటాలో బుట్ట బరువు ముందే తీసేసి ఉంటాదండీ!"

అక్కడ ఖాళీ బుట్ట కిలో ఉంటుంది. బుట్టతో తూచినా చేపల బరువే కనబడాలని కాటా ముల్లును సున్నాకి కిలో వెనక్కి తిప్పి ఉంచుతారు. బెల్టుకి బుట్టెక్కడిది? నేను ఐదున్నర కిలోలతో లాగానన్నమాట, అందుకే బెల్టు మరీ బిగుసుకుంది. ఇద్దరం గట్టు మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వాం. ఈసారి ముల్లు మూడున్నర దగ్గర ఆపి, అగ్గిపెట్టె మందం దిగేదాకా బెల్టు వదులు చేశాం. ఈల పోయింది.

గణపవరం మీదుగా గూడెం స్టేషన్ చేరేసరికి మూడింటికి పది నిమిషాలు. సుభద్ర రైలు దిగి వచ్చి, బండి దగ్గర వంగి ముక్కు చిట్లించింది. "ఈ చేపల వాసనేంటండీ?"

దారిలో అంతా చెప్పాను. నా భుజం పట్టుకుని ఏలూరు దాకా నవ్వుతూనే ఉంది. ఇంత హాయిగా నేను ఏ బండి మీదా రాలేదు.

హోటల్ వాళ్ళు గేజీని భద్రంగా దాచి ఉంచారు. నేను చెయ్యి చాపేలోపే సుభద్ర అందుకుని తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

"ఇది నా దగ్గరుంటుందిలెండి. రేపట్నుంచి వెనక కూర్చునేది నేనే కదా."