కొండను మేసిన ఆవు

అస్లాక్ బ్రెక్కె దగ్గర బొమ్మ కొన్నవాళ్లు ఇంటికి బొమ్మ ఒక్కటే తెచ్చుకున్నామనుకునేవాళ్లు. వెంట చిత్రకారుణ్ణి కూడా తెచ్చుకున్నారని ఏడాది తిరిగేసరికి తెలిసొచ్చేది. రంగుల పెట్టె చంకన పెట్టుకుని, పిలవకుండా వచ్చి, గోడమీది బొమ్మను సరిదిద్దిపోవడం ఆ మహానుభావుడి జబ్బు.

పాస్టరుగారు భోజనానికి కూర్చున్న వేళ వచ్చి, ఏటి ఒడ్డున బర్చ్ చెట్లు ఈ ఏడు పెరిగాయంటూ బొమ్మలోనూ పెంచాడు. డాక్టరుగారికి పాత కథలోంచి ఒక కొండరాక్షసుణ్ణి గీసిచ్చి, పదేళ్లకు వచ్చి వాడి తోకకు తెల్లరంగు పూశాడు.

"తోకెందుకయ్యా నెరిసింది?" అన్నారు డాక్టరుగారు.

"పదేళ్లయింది కదండీ. మీ గడ్డం మాత్రం నల్లగా ఉందా?"

అప్పట్నుంచి అస్లాక్ దారిలో కనబడితే చాలు, మా లోయలో బొమ్మలన్నీ మంచాల కిందికి పోయేవి.

"మేకు ఖాళీగా ఉందేం అమ్మగారూ?" అనేవాడు పాస్టరుగారి భార్యతో.

"దుమ్ము దులపడానికి తీశాం."

"నాలుగేళ్ల నుంచీ దులుపుతున్నారా?"

బొమ్మను దాచనిది మా పక్కింటి గున్వోరవ్వ ఒక్కతే. పడుచుతనంలో ఎండాకాలమంతా కొండమీద ఆవులు మేపిన మనిషి. ఇప్పుడు మోకాళ్లు కొండెక్కనివ్వవు. ఆ కొండ, గుడిసె, మూలన గోరంత ఎర్రావు, అన్నీ ఆవిడ గోడమీద ఉండేవి. ఉండేవి అని ఎందుకంటున్నానంటే, ఏటేటా అస్లాక్ వచ్చి ఆవును పెంచాడు. ఒక ఏడు గుడిసె పోయింది. మరో ఏడు కొండ పోయింది. ఈ ఏడు మిగిలింది ఆవు మొహం, రెండు కొమ్ములు.

నేను బడిపంతుల్ని. లోయ మొత్తంలో కళ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అని నా నమ్మకం. ఎవరినీ అడగలేదు కాబట్టి ఎవరూ కాదనలేదు. ఊరుకోలేక, అస్లాక్ వచ్చిన రోజున అవ్వ ఇంటికి వెళ్లాను.

"అస్లాక్, బంగారంలాంటి కొండను నీ ఆవు మేసేసింది."

"ఆకలేసి ఉంటుంది మాస్టారూ," అని అవ్వకు కట్టెలు తేవడానికి పెరట్లోకి వెళ్లాడు.

ఇదే అదననుకుని బొమ్మను మేకు నుంచి తీశాను. "పట్నంలో తెలిసినవాళ్లున్నారవ్వా. పైరంగు గీకించి నీ కొండ నీకు తెప్పిస్తాను."

అవ్వ ఒక్క ఉదుటున లేచింది. నేను కిటికీ దగ్గరుంటే, పొయ్యి వైపు చేతులు చాపి, "వద్దు పంతులూ, దాన్ని అక్కడే పెట్టు," అంది. "ఈ ఇంట్లో నా కళ్లకు ఆనేది అదొక్కటే. కొండ కనబడక మూడేళ్లయింది."

నాకీ సంగతే తెలియదు. పక్కింట్లోనే ఉంటాను నేను.

"అస్లాక్‌కు చెప్పావా?"

"ఎవరికీ చెప్పలా. ఓ ఏడు వచ్చి, ఆవు బాగుందా అవ్వా అన్నాడు. ఏ ఆవురా అన్నాను. అప్పట్నుంచీ, మొదట్లో తప్పు గీశానవ్వా, దిద్దుతానంటూ వస్తాడు. నేనూ తిడుతూ ఉంటాను, నమ్మినట్టు ఉండాలిగా."

సిగ్గేసింది. బొమ్మను మళ్లీ మేకుకు తగిలించాను. అంతలో కట్టెల మోపుతో అస్లాక్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నన్నూ, బొమ్మనూ మార్చి మార్చి చూశాడు.

నేను గొంతు సవరించుకున్నాను. "ఎడమ కొమ్ము కాస్త చిన్నదైనట్టుంది, అస్లాక్."

అతను కట్టెలు దించి రంగుల పెట్టె తెరిచాడు.

"నేనూ అదే అనుకుంటున్నాను మాస్టారూ."