లక్షన్నర కేలరీల గ్లాసు

వయసు మీద పడితే కోపాలు చల్లారతాయని అందరూ అంటారు. నాది చల్లారలేదు. చల్లారాలని నేను కోరుకోనూ లేదు. పచ్చి బాలింత కడుపు మాడ్చిన మనిషిని మరిచిపోతే దాన్ని మంచితనం అనరు, మతిమరుపు అంటారు. నాకు మతిమరుపు లేదు.

ఎనభైల మొదట్లో మాట ఇది. మావారికి భిలాయి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం. బొగ్గు కాల్చి కోక్ చేసేటప్పుడు వచ్చే గ్యాసు మండితే ఎంత వేడినిస్తుందో కొలిచే విభాగం ఆయనది. ఆ వేడిని వాళ్ళు కేలరీ అనేవారు. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఒకరోజు ఆయన మొహం వేలాడేసుకుని వచ్చి, "ఇవాళ కేలరీ పడిపోయింది" అన్నారు. "అయ్యయ్యో, దెబ్బలేమైనా తగిలాయా?" అని అడిగాను నేను. కేలరీ అంటే ఎవరో పంజాబీ ఆఫీసరమ్మ అనుకున్నాను మరి. ఆ మాట ఆయన వాళ్ళ సెక్షన్లో చెప్పి నవ్వించారట కూడా.

మేం క్యాంప్ 2లో ఒంటి గదిలో ఉండేవాళ్ళం. క్వార్టర్ ఇంకా రాలేదు. నాకు నెలలు నిండే వేళకి విజయనగరంలో మా అమ్మ తుంటి విరిగి మంచాన పడింది. పురిటికి పుట్టింటికెళ్ళే దారి లేకపోయింది. అప్పుడు మావారి అక్కగారు కారులో దిగింది. "నానున్నాను కాదేటి? నా ఇంట్లో పురుడు పోసుకోకపోతే నలుగురూ నన్నేటంటారు?" అంది. నలుగురూ ఏమంటారోననే ఆవిడ బెంగంతా. ఆవిడ భర్త పెద్ద ఇంజనీరు. మావారికి ఈ ఊళ్ళో ఉద్యోగానికి దారి చూపింది ఆయనే. అందుచేత మావారికి అక్క ముందు నోరు పెగిలేది కాదు. ఆవిడ గట్టిగా చూస్తే చాలు, "అలాగే అప్పా" అనేవారు.

ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రి నుంచి నేరుగా వదినగారి బంగళాకే వెళ్ళాం.

ఆవిడ అంతకు ముందు సంవత్సరం భర్తతో పాటు రష్యా వెళ్ళి కొన్ని నెలలుండి వచ్చింది. జుట్టు భుజాల దాకా కత్తిరించుకుని, తూకం మిషను ఒకటి మోసుకుని వచ్చింది. కూడా ఒక మాట తెచ్చుకుంది. కేలరీ. వంటింటి గోడ మీద పత్రికలోంచి చింపిన పట్టిక అంటించింది. కప్పు అన్నం రెండొందలు, చెంచా నెయ్యి ఇంత, బంగాళాదుంప అంత. ఇంటికొచ్చిన వాళ్ళని కాఫీ తాగుతారా అని అడక్కుండా బరువెంత అని అడిగేది. కాలనీ ఆడవాళ్ళంతా ఆవిడ వెనక తిరిగేవారు. సరే, వాళ్ళ ఒళ్ళు, వాళ్ళ ఇష్టం. నా కంచం జోలికి ఎందుకు రావాలి?

నాకు కంచంలో రెండు పుల్కాలు, ఉప్పు లేని సొరకాయ ముక్కలు వచ్చేవి. మా వైపు బాలింతకి వెల్లుల్లి కారం, నువ్వుల నూనె, కాయం మందు ముద్ద, వేడన్నంలో నెయ్యి పెడతారు. దాన్నే పథ్యం అంటారు. మొదటి రోజు భయపడుతూనే అడిగాను.

"వదినగారూ, నాకు పథ్యం పెట్టరా?"

"ఇది పథ్యం కాక మరేటి? అద్దంలో చూసుకున్నావేటి? డోలులాగ ఉన్నావు. ఇప్పుడు కట్టడి లేకపోతే మా తమ్ముడు నిన్ను స్కూటరు మీద ఎలగ తిప్పుతాడు?"

అదీ సంగతి. మాకు పథ్యమంటే పెట్టేది. ఆవిడకి పథ్యమంటే పెట్టనిది. మాట ఒకటే, మధ్యలో నా కడుపు కాలింది.

పది రోజులు తిరక్కుండా పాలు తగ్గిపోయాయి. పిల్ల నోరు పెట్టి నాలుగు గుటకలు వేసి, ఇంకేమీ రాక తల అటూ ఇటూ కొట్టుకుని ఏడ్చేది. ఆ ఏడుపు వింటే నాకు పాలకి బదులు కళ్ళలో నీళ్ళు వచ్చేవి. ఆసుపత్రిలో నర్సు పిల్లని చూసి నామీద కేకలేసింది. "మా కో ఖిలావో, బచ్చా అప్నే ఆప్ పియేగా!" అంది. తల్లికి పెట్టండి, పిల్ల దానంతటదే తాగుతుందని. ఇంటికొచ్చి ఆ మాట చెబితే వదినగారు తేలిగ్గా నవ్వింది. "నర్సుకి ఏటి తెల్సు? డబ్బా పాలు కలిపి సీసాతో పడదాం" అంది. పట్టింది కూడా. నా ఎదురుగానే, నా ఒళ్ళోంచి పిల్లని లాక్కుని.

ఇంతా చేసి, సాయంత్రం ఐదు దాటితే ఆవిడ ఏం చేసేదో చెబుతాను. ప్లాంటులో పనిచేసే రష్యన్లు పండగలకీ పబ్బాలకీ ఆవిడ భర్త అన్నయ్యగారికి వైను సీసాలు ఇచ్చేవారు. ఆయన ముట్టరు. ఆవిడ ముట్టేది. పొడుగాటి స్టీలు గ్లాసులో ఎర్రటి తియ్యటి వైను నిండుగా పోసుకుని, వరండాలో కుర్చీ వేసుకుని, ఒకటి తాగి రెండోది పోసుకునేది. పనిచేసే ఛత్తీస్‌గఢీ ఆవిడ అదేమిటని అడిగితే "ద్రాక్షాసవ్, దవాయి" అని ఆయుర్వేద మందు పేరు చెప్పేది. నేను ఒకసారి ఊరుకోలేక, "అందులో కేలరీలుండవా వదినగారూ?" అన్నాను.

"ద్రాక్షరసానికి కేలరీ ఏటే? నమిల్తేనే కాదేటి కేలరీ! మింగేదానికి ఏటుంటాది?"

గురివింద గింజ తన నలుపు ఎరగదంటారు. ఈ గింజ తన ఎరుపు కూడా ఎరగదు. ఆవిడ పెదాల మీది ఆ ఎర్ర చారని చూస్తూ, పుల్కా ముక్క నములుతూ, ఆ రోజే అనుకున్నాను. నీ కేలరీతోనే నిన్ను కొడతాను, చూడు.

మర్నాడు సాయంత్రం మావారు డ్యూటీ నుంచి వచ్చి పిల్లని ఎత్తుకుంటే అడిగాను.

"ఏవండీ, వైను మండుతుందా?"

ఆయన కంగారు పడ్డారు. "ఏటి, ఎవరైనా ముట్టించారా?"

"కాదు. మీ గ్యాసుకి కొలిచినట్టు దానికీ కేలరీ కొలవచ్చా?"

అంతే, ఆయన మొహం వెలిగింది. పెళ్ళయ్యాక నేను ఆయన పని గురించి మనసు పెట్టి అడిగిన మొదటి ప్రశ్న అది. పిల్లని భుజాన వేసుకుని అటూ ఇటూ నడుస్తూ చెప్పారు. వైనులో నూటికి పన్నెండు పాళ్ళ దాకా ఆల్కహాలు ఉంటుందట. ఆల్కహాలంటే ఇంధనమేనట. గ్రాముకి ఏడు కిలో కేలరీలు. నెయ్యి గ్రాముకి తొమ్మిది, బియ్యం, చక్కెర నాలుగు. అంటే ఆల్కహాలు అన్నాన్ని దాటి నెయ్యి పక్కన కూర్చుంటుంది. తియ్యటి వైనైతే పులిసినా మిగిలిపోయిన చక్కెర లెక్క వేరే. నమలడానికీ దానికీ ఏ సంబంధమూ లేదు. వదినగారి స్టీలు గ్లాసు చూపిస్తే, కళ్ళతోనే కొలిచి, "నూట యాభై కిలో కేలరీలకి తక్కువుండదు. ఇంచుమించు ఒక కప్పు అన్నం" అన్నారు.

రోజూ రెండు గ్లాసులు. అంటే నా కంచంలోంచి తీసేసిన అన్నాన్ని ఆవిడ రోజూ నా కళ్ళ ముందే కూర్చుని తాగుతోందన్నమాట.

"కిలో కేలరీ అంటే?" అన్నాను.

"మా లెక్కలో వెయ్యి కేలరీలు. అప్ప గోడ మీద అంటించింది చూడు, ఆ పత్రికలవాళ్ళు కిలో అన్న మాట మింగేసి ఉత్త కేలరీ అంటారు. వాళ్ళు రెండొందలంటే నిజానికి రెండు లక్షలు."

"అయితే గ్లాసు వైనులో..."

"లక్షన్నర. మా లెక్కలో." ఆగి నా మొహం చూశారు. "ఏటాలోచిస్తన్నావు? కప్పు అన్నంతో సమానమని చెప్పు, చాలు."

చాలదు. కప్పు అన్నం అంటే ఆవిడ నవ్వేసి మూడో గ్లాసు పోసుకుంటుంది. నా పిల్ల అన్నేసి సార్లు ఏడిస్తే ఈవిడ ఒక్కసారైనా ఏడవద్దా?

ఆ వారమే బంగళాలో కాలనీ ఆడవాళ్ళ సమావేశం జరిగింది. బెంగాలీ ఆవిడ, పంజాబీ ఆవిడ, బడిలో లెక్కలు చెప్పే మరాఠీ ఆవిడ, ఇంకా నలుగురైదుగురు వచ్చారు. పకోడీలు చల్లారిపోతున్నా ఎవరూ ముట్టలేదు. వదినగారు స్టీలు గ్లాసు చేత్తో పట్టుకుని, నన్ను పిలిచి మధ్యలో నిలబెట్టింది. "దేఖో, మా మరదలు. బాలింతైనా సరే అన్నం మాన్పించేశాను" అని హిందీలో గొప్పలు చెప్పుకుంది. నా చేతిలో పిల్ల ఉంది. మళ్ళీ ఆకలికి ఏడుస్తోంది.

నేను మెల్లిగా, వినయంగా హిందీలోనే అడిగాను. "దీదీ, మీ గ్లాసులో ఉన్న వైనులో డేఢ్ లాఖ్ కేలరీలున్నాయట కదా?"

అందరూ గ్లాసు వైపు తిరిగారు.

"ఏటి?" అంది వదినగారు తెలుగులోకి దిగిపోయి. "ఏటన్నావు?"

"లక్షన్నర వదినగారూ. గ్లాసుకి. కావాలంటే అన్నయ్యగారిని అడగండి."

అన్నయ్యగారు వరండాలో పేపరు చదువుకుంటున్నారు. ఆవిడ ఇక్కణ్ణుంచే కేకేసింది. "ఏవండీ! గ్లాసు వైనులో లక్షన్నర కేలరీలుంటాయా?"

ఆయన అడిగిందానికే జవాబు చెప్పే మనిషి. పేపరు కూడా దించలేదు. లోపల లెక్క వేసుకున్నట్టు కొంచెంసేపు ఆగి, "ఆఁ, ఉంటాయి. లక్షన్నర ఉంటాయి. ఎందుకుండవు?" అన్నారు.

మా ఊరి ఆడవాళ్ళకి దేవుడి మాటకైనా ఎదురుంటుందేమో గానీ కొలిమి నడిపే ఇంజనీరు లెక్కకి ఎదురుండదు. మరాఠీ ఆవిడ గోడ మీది పట్టిక చూసి వేళ్ళ మీద భాగించింది. "హే భగవాన్! సాడే సాత్ సౌ కటోరీ చావల్!" అంది. ఏడువందల యాభై కప్పుల అన్నం. ఒక్క గ్లాసులో. పంజాబీ ఆవిడ నవ్వు ఆపుకోలేక చీర కొంగు నోట్లో కుక్కుకుంది. వదినగారి చేతిలో గ్లాసు వంగి, కొత్త తెల్ల తివాచీ మీద ఎర్రగా ఒలికింది. అబ్బ! ఆ మరక ఇప్పటికీ నా కళ్ళకి చల్లగా ఉంటుంది.

నేను అబద్ధం ఆడలేదు. ఒక్క ముక్క కూడా ఆడలేదు. కిలో అన్న మాట పత్రికవాళ్ళు మింగారు, నేను మింగలేదు. అడిగితే చెప్పేదాన్ని, ఎవరూ అడగలేదు.

రాత్రికి రాత్రే ఊరు ఊరంతా పాకింది. రిసాలి బజారులో కూరగాయల దగ్గర కూడా ఆవిడకి "డేఢ్ లాఖ్ దీదీ" అని పేరు పడిపోయింది. ఆవిడ సీసాలన్నీ వాష్ బేసిన్‌లో ఒంపేసి, తలనొప్పని తలుపేసుకుంది. పట్టిక గోడ మీంచి పోయింది. మర్నాడు పొద్దున్న పనావిడ నా కంచంలో వేడన్నం, వెల్లుల్లి కారం, మీద నెయ్యి పెట్టింది. దెబ్బకి దెయ్యం దిగిందనుకున్నాను. కడుపారా తిన్నాను. మూడు రోజుల్లో పాలు పడ్డాయి. రవిక తడిసిపోయేంతగా పడ్డాయి.

పిల్లని ఒళ్ళో వేసుకున్నాను. అది నోరు పెట్టలేదు. మొహం తిప్పేసుకుంది. ఎన్నిసార్లు పట్టినా అంతే. సీసా రబ్బరు పీకకి అలవాటు పడిపోయింది, సీసా కోసమే ఏడ్చింది. నేను గిన్నెలోకి పాలు పిండుకుని, తులసి కోట దగ్గర పారబోసుకున్నాను. అది చూడ్డానికి వదినగారు తన గది తలుపు కూడా తియ్యలేదు.

తరవాత మాకు రిసాలిలో క్వార్టర్ వచ్చింది. రాకపోకలు తగ్గాయి. పిల్లకి ఏడేళ్ళు వచ్చాక ఒక మధ్యాహ్నం వదినగారు చేతిలో ఏదో పత్రిక పట్టుకుని ఎగశ్వాస దిగశ్వాసగా మా ఇంట్లోకి వచ్చింది.

"ఒలే! వైను గ్లాసుకి నూట యాభయ్యేనటే! వెయ్యి రెట్లు చేసి చెప్పావు కాదేటే! ఊరంతా నవ్వించావు కాదేటే నన్ను!"

నేను పీట వేశాను. కంచం పెట్టి అన్నం గుట్టగా వడ్డించి, నడుమ గుంట చేసి నెయ్యి పోశాను. ఆవిడ పీట మీద కూర్చుంది. పక్క గదిలో పిల్ల ఏదో పాఠం వల్లె వేసుకుంటోంది.

"నిజమే వదినగారూ, వెయ్యి రెట్లు చెప్పాను" అన్నాను. "మరి పాలున్న రొమ్ము ముందు పెట్టుకుని నా పిల్ల సీసా కోసం ఏడ్చింది చూడండి, దానికెన్ని కేలరీలో మీ పత్రికలో ఉందేటి? ఉంటే చెప్పండి, మిగిలింది కూడా లెక్క కట్టేసుకుందాం."

ఆవిడ పత్రిక మడిచి ఒళ్ళో పెట్టుకుంది. అన్నం కలుపుకుంది. నేను ఎదురుగా కూర్చుని, కంచం ఖాళీ అయ్యేదాకా కదల్లేదు.