స్టీమరు భోజనం నేర్చుకోవడానికి వేలూరు వెళ్లొచ్చాం

గుడియాత్తం నుంచి వేలూరికి జనం రకరకాల పనుల మీద వెళ్తారు. జబ్బు చేస్తే పెద్దాసుపత్రికి, దావా పడితే కోర్టుకు, పెళ్లి కుదిరితే నగలకు. అన్నం తినడం నేర్చుకోవడానికి వెళ్లింది మాత్రం, నాకు తెలిసినంతలో, నేనూ మా మామగారే. ఇకముందు ఇంకెవరికైనా అలాంటి అవసరం పడితే పనికొస్తుందని ఆ ప్రయాణం సంగతి రాస్తున్నాను.

ఆ అవసరం ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. మా ఆయనకు పినాంగులో బట్టల కొట్టు ఉంది. యుద్ధం ముగిసిన మూడేళ్లకు వెళ్లిన మనిషి ఆరేళ్లలో ఒక్కసారి వచ్చి, రెండు నెలలుండి, మళ్లీ ఓడెక్కారు. ఆంధ్ర రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడు, నన్ను పంపమని కబురు పెట్టారు. తోడుగా మామగారు రావాలి. రేవులో దిగేటప్పుడు వ్యాపారంలో భాగస్తుడూ ఆయన భార్యా వచ్చి చూస్తారు కాబట్టి పై క్లాసులోనే రావాలి. పై క్లాసులో వస్తే భోజనాల హాల్లో పదిమందితో బల్ల దగ్గర కూర్చుని ముళ్ల చెంచాతో తినాలి. అది నేర్చుకోకుండా బయలుదేరితే తాను నవ్వులపాలవుతారు. ఆరేళ్లు భార్యను ఇక్కడ వదిలేసి ఉండటం నవ్వులపాటు కాదు, ఆ భార్య చేత్తో అన్నం కలుపుకోవడం నవ్వులపాటు!

నాకు వెళ్లాలని ఉంది. నా వెటకారంలో పడి ఈ మాట మీరు మరిచిపోతారేమోనని ముందే చెబుతున్నాను. ఆయన అక్కడ ఎవర్నో పెట్టుకున్నారని బజారులో అనుకునే మాట నా చెవిన కూడా పడింది. అందుకని ముళ్ల చెంచా ఏమిటి, గునపంతో తినమన్నా నేర్చుకునేదాన్ని.

వేలూరులో మాసిలామణి అని ఒక బట్లరు ఉన్నాడనీ, చాలా ఏళ్లు స్టీమర్లలో పనిచేసి వచ్చాడనీ, ఓడ ఎక్కబోయేవాళ్లకు ఇంట్లోనే బల్ల వేసి నేర్పిస్తాడనీ ఎవరో మామగారికి చెప్పారు. ఒక శుక్రవారం పొద్దున ఆరున్నర పాసింజరుకు బయలుదేరాం. మొదటి తరగతిలో తినడం నేర్చుకోవడానికి మూడో తరగతి టిక్కెట్టు తీశారు మామగారు. మా ఇంట్లో కోడళ్లు మామగారితో నేరుగా మాట్లాడే అలవాటు లేదు. ఏ మాటైనా అత్తగారి మీదుగా అటూ ఇటూ వెళ్లాలి. ఆ రోజు అత్తగారు రాలేదు గనక ప్రయాణం చాలా ప్రశాంతంగా మొదలైంది.

పెట్టెలో మా ఎదురుగా బీడీ ఆకు వ్యాపారి ఒకాయన కూర్చున్నాడు. రాష్ట్రాలు విడిపోవడం గురించి అతనికి చాలా కోపంగా ఉంది.

“చిత్తూరు ఆ పక్కకు పాయ, మనం ఈడనే ఉండిపోతిమి. మన్ని ఎవురన్నా ఒక మాట అడిగినారా?” అన్నాడు.

“అడిగితే మాత్రం ఏం చెప్తావప్పా? మాట్లాడేది తెలుగు, చదివేది అరవం,” అన్నారు మామగారు.

నా పుట్టిల్లు పలమనేరు. అంటే అక్టోబరు నుంచి నేను పరాయి రాష్ట్రపు పిల్లను. నన్ను కూడా ఎవరూ అడగలేదు, కానీ ఆడదాన్ని గనక అది నాకు కొత్తగా అనిపించలేదు.

లత్తేరిలో ఎక్కిన ఒక ముసలామె నా పక్కన కూర్చుని, యాడికి పోతాండావని అడిగింది. చెప్పాను. ఆమె నా ముఖం ఎగాదిగా చూసింది.

“తినేది నేర్చుకునేదానికా? ఇన్నాళ్లూ ఏం చేస్తా ఉండినావమ్మా మరి?”

కాట్పాడిలో దిగి, స్టేషను బయట కాఫీ తాగి, వేలూరు బస్సు ఎక్కాం. పాలారు వంతెన ఇవతల పోలీసులు బస్సు ఆపి, సీసాల కోసం అందరి సంచులూ వెతికారు. మద్యనిషేధం గట్టిగా నడుస్తున్న రోజులు. మామగారి ఇత్తడి చెంబు కూడా మూత తీసి వాసన చూశాడు ఒక జవాను. అందులో ఉన్నది మా ఇంటి బావి నీళ్లే. అయినా రెండుసార్లు చూశాడు. ఎండిన ఏటి ఇసుకను చూస్తూ కూర్చున్నాం. తొమ్మిది దాటాక వేలూరు బజారు దగ్గర దిగాం.

బట్లరు ఇల్లు కోటకు దగ్గరలోనే ఉంది. అతను తెల్లటి చొక్కా, మెడకు నల్లటి బో టై, మెరిసే బూట్లతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చూడ్డానికి పెళ్లికొడుకులా ఉన్నాడు గాని, వయసు మా మామగారిది. లోపల పొడవాటి బల్ల, దాని మీద తెల్లగుడ్డ, పళ్లేనికి అటు మూడు, ఇటు నాలుగు కత్తులూ చెంచాలూ పేర్చి ఉన్నాయి. ఆపరేషను గదిలోకి వచ్చామనుకున్నాను.

మొదట బట్టల పాఠం. రాత్రి భోజనానికి మగవాళ్లు కోటు, ప్యాంటు, టై, బూట్లు వేసుకోవాలి. ఆడవాళ్లకు పట్టుచీర చాలు, తలలో పూలు మాత్రం తక్కువగా పెట్టుకోవాలి.

“పంచె?” అన్నారు మామగారు.

“వేండా అయ్యా, కూడదు.”

“లుంగీ?”

బట్లరు కళ్లు మూసుకున్నాడు. “ఆ మాట స్టీమర్లో అననే అనకూడదు. హాల్లోకి విడవరు.”

మామగారి వ్యాపారమే లుంగీలు. గుడియాత్తంలో నేసినవి కట్టలు కట్టించి పినాంగుకు పంపిస్తారు. ఆయన ముఖం ఎర్రబడింది. “మా లుంగీలు ఆ స్టీమరు కడుపులోనే మూటలు మూటలుగా పోతాండాయి గదప్పా. లుంగీ పోవచ్చు గాని, దాన్ని అమ్మే మనిషి కట్టుకోని కూర్చోకూడదా?”

“కింద పోవచ్చు అయ్యా. పైన వేండా,” అన్నాడు బట్లరు చాలా మర్యాదగా.

తర్వాత ఒడిలో పరుచుకోవడానికి ఆయనకొకటి, నాకొకటి తెల్లగుడ్డ ఇచ్చాడు. మామగారు దాన్ని అలవాటుగా దులిపి భుజాన వేసుకున్నారు. బట్లరు తీసి ఒడిలో పెట్టాడు. ఆయన మళ్లీ భుజాన వేసుకున్నారు. కాసేపటికి బట్లరే మానుకున్నాడు.

ఇక వైను. నన్నారి షర్బత్తు పోసిన పాత వైను సీసాను బట్లరు వీధి తలుపు గడియ పెట్టి మరీ బయటికి తీశాడు. లోపల ఏముందని పోలీసులు అడగరట, సీసా కనబడితే చాలట. షర్బత్తు తాగడానికి ముగ్గురం దొంగల్లా కూర్చున్నాం. గ్లాసులో అడుగున కొంచెం పోస్తే పెద్దమనిషి దాన్ని తిప్పి, వాసన చూసి, ఒక గుక్క పుచ్చుకుని, బాగుందని తల ఊపాలి. మామగారు పుచ్చుకుని చక్కెర తక్కువైందన్నారు.

“మీ సీసా మీరే ఇంటి నుంచి తెచ్చుకోవచ్చు అయ్యా, కొన్ని స్టీమర్లలో ఒప్పుకుంటారు. అయితే మూత తీసి పోసినందుకు వాళ్లకు దుడ్డు ఇవ్వాల.”

“సీసా మాది, సరుకు మాది. మూత తీసేదానికి కూలీనా? నేనే తీసుకుంటా.”

“మీరు తీసుకున్నా ఇవ్వాల.”

“ఇదేం దోపిడీ అప్పా!”

మా వంశంలో వైను ముట్టినవాళ్లు లేరు, ముట్టబోయేవాళ్లూ లేరు. అయినా ఆయన ఆ బేరం వదల్లేదు. మూత వదులుగా పెట్టుకొస్తే సగం తగ్గిస్తారా అని కూడా అడిగారు.

పదకొండు ప్రాంతంలో తిండి వచ్చింది. మేము శాకాహారులం గనక బట్లరు భార్య మడిగా ఉండే పక్కింటి అయ్యరమ్మ చేత ఇడ్లీ, వడ, చారు చేయించి తెచ్చింది. చారును సూపు అనుకోమన్నాడు బట్లరు. చప్పుడు చేయకూడదు, పళ్లేన్ని మనవైపు కాకుండా అవతలికి వంచాలి. చారు జుర్రకుండా తాగడమంటే మామగారికి పాట పాడకుండా భజన చేసినట్టే ఉంది. ఇడ్లీని చేప అనుకుని, చేప కత్తితో కొయ్యమన్నాడు. కోశాం. వడను చూపించి, “ఇది మటన్ చాప్స్ అనుకోండి,” అన్నాడు.

మామగారు కత్తి కింద పెట్టేశారు.

“వడే అయ్యా! ఊరికే అనుకొమ్మంటా ఉండా!”

“మటన్ అనుకున్నంక ఎట్ల తినేదప్పా?”

ఎంత బతిమాలినా ఆయన ఆ వడ ముట్టలేదు. అది మినప్పప్పని తెలుసు, నెయ్యి వాసన వస్తూనే ఉంది, ఆకలి కూడా మండుతూ ఉంది. కానీ పేరు పెట్టడం అయిపోయింది. నేను కూడా వడను పక్కకు జరిపాను. నవ్వు ఆపుకోవడానికి నాకు ఆ తెల్లగుడ్డ చాలా పనికొచ్చింది.

అసలు సంగతి ఉప్మాతో వచ్చింది. బట్లరు పళ్లెం పట్టుకుని మామగారిని దాటి, నేరుగా నా దగ్గరికి వచ్చి, నాకు వడ్డించాడు. నేను గాబరాపడి లేచి, ఆ పళ్లెం అందుకుని మామగారికి వడ్డించబోయాను.

“ఉక్కారుంగమ్మా!” అని అరిచాడు. “లేవకూడదు! ఆడోళ్లకే ముందు. నువ్వు స్పూను ఎత్తి తినేదాకా అయ్యగారు తినకూడదు. అదే రూలు.”

కూర్చున్నాను. మామగారికి వడ్డించాక మళ్లీ లేవబోయాను, నీళ్లు పోద్దామని. మళ్లీ అరిచాడు. మా ఇంట్లో మగవాళ్లు తిని లేచాక, పిల్లలు తిన్నాక, అత్తగారితో కలిసి వంటింట్లో తినేదాన్ని. పెళ్లయినప్పటినుంచీ వేడి వేడి ఉప్మా ఎలా ఉంటుందో నేను చేసేటప్పుడు చూడటమే గాని తిని ఎరగను. ఇప్పుడు అరవై దాటిన మనిషి, పొద్దుటినుంచీ సరిగా తినని మనిషి, చేతులు ఒళ్లో పెట్టుకుని నా చెంచా వైపు చూస్తూ కూర్చున్నారు. నాకు సిగ్గుతో చెమటలు పట్టాయి.

“తినమ్మా,” అన్నారు చివరికి. “నువ్వు తింటేగాని వీడు నాకు కూడు పెట్టడు.”

తిన్నాను. పొగలు కక్కుతూ ఉంది. జీడిపప్పు అంతా పైనే ఉంది. ఎవరికి ఇంకొంచెం కావాలో చూడకుండా, గిన్నెలో ఎంత మిగిలిందో లెక్కవేయకుండా తిన్నాను. రుచి అంటే అదని నాకు ఆ పూటే తెలిసింది.

రెండు గంటలకు బట్లరు తీర్పు చెప్పాడు. అమ్మగారు ఇంకో రెండుసార్లు వస్తే దొరసానుల పక్కన కూర్చోవచ్చు. అయ్యగారికి మాత్రం ఈ జన్మలో రాదు. ఆయన చవక టిక్కెట్టుతో కింద డెక్కులో పోవడం మంచిది, అక్కడ ఎవరి పొయ్యి వాళ్లది, ఎవరి గుడ్డ వాళ్లది.

మామగారు అలిగారు. అక్కడినుంచి నేరుగా బజారులో ఒక బ్రాహ్మణ హోటలుకు దారి తీశారు. ఆయన ముందు గదిలో ఆకు వేయించుకున్నారు. ఆడవాళ్లకు వెనకాల తెర కట్టిన గది ఉంది. ముందు గదికి వడ్డించడం అంతా అయ్యాక అక్కడికి వస్తారు. వేలూరు వెళ్లే ఆడవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. నా ఆకులోకి సాంబారు వచ్చేసరికి చల్లారిపోయింది, అప్పడం అయిపోయిందన్నారు. నిన్నటిదాకా అది నాకు మామూలే. ఆ మధ్యాహ్నం మాత్రం తెర వెనకాల కూర్చుంటే ఒళ్లు మండింది.

నాలుగున్నరకు కాట్పాడిలో రైలెక్కాం. పెట్టెలో జనం తక్కువ. కడుపు నిండాక మామగారి కోపం తగ్గింది. కిటికీలోంచి బయటికి చూస్తూ, నాతో మళ్లీ నేరుగా మాట్లాడారు.

“అమ్మణ్ణీ, ఆ ప్యాంటూ కోటూ నా వల్ల కాదు. డెక్కులో పోదాం. పులిహోర కలుపుకోని పోదాం, హాయిగా ఉంటాది. మావాడు ఏమన్నా అనుకోనీ, నేను చెప్పుకుంటా.”

ఆయన మంచిగానే అన్నారు. సరే అంటే చాలు, నా ప్రయాణం ఖాయం. మా ఆయన్ను చూడాలని ఉంది, అబద్ధమెందుకు. కానీ ఆయన్ను చూసేలోపు ఆ బల్ల దగ్గర కూర్చోవాలని కూడా ఉంది. పొద్దున అది ఆయన పెట్టిన షరతు. ఇప్పుడు నాకే కావాలి.

“మామా,” అన్నాను. “మీరు డెక్కులో రండి. నేను పైన తింటాను.”

ఆయన నావైపు తిరిగారు. “ఒక్కదానివే? అంతమంది ముందర?”

“కూర్చుంటాను.”

“మీ అత్తకు ఏం చెప్పేది?”

“నేనే చెప్పుకుంటాను.”

లత్తేరి దాటేదాకా ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. కాదంటే నేను చేయగలిగింది ఏమీ లేదు. టిక్కెట్టు తీసేది ఆయన, తోడు వచ్చేది ఆయన. నోరు జారి, ఉన్న ప్రయాణం కూడా పోగొట్టుకున్నానేమోనని గుడియాత్తం వచ్చేదాకా నన్ను నేనే తిట్టుకున్నాను.

ఈ దారిన వెళ్లదలచినవాళ్లకు నేను చెప్పగలిగింది కొంచెమే. ఇంట్లో తిని బయలుదేరండి, చెంబులో నీళ్లే ఉన్నా పోలీసుకు ముందే చూపించండి, వడకు ఎవరు ఏ పేరు పెట్టినా వినకండి. పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లాలా వద్దా అన్నది మీ ఇష్టం.

గుడియాత్తం స్టేషను నుంచి ఊళ్లోకి జట్కా కట్టించుకున్నాం. సగం దారిలో మామగారు గొంతు సవరించుకున్నారు.

“పైనే తిను. అయితే ఒక మాట. రేవులో దిగేటప్పుడు నువ్వు ముందు దిగు. నేను మూటలు తీసుకోని వెనకాల వస్తా. వాడు నిన్ను ముందు చూడనీ.”

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇల్లు వచ్చేదాకా ఏడ్చాను.