తెర మీద వణికిన చెయ్యి

ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు. సహోదరులారా, సహోదరీలారా, పోయిన ఈస్టరుకు ఇదే మందిరంలో ప్రభు బల్ల దగ్గర నా చేతిలోని చిన్న గ్లాసు ఒలికి ద్రాక్షరసం నా తెల్లచీర మీద పడింది, మీలో చాలామంది చూసినారు, పాపం ఏడుస్తా ఉందనుకున్నారు. నేను ఏడవలేదు, నా చెయ్యి వణికింది.

నేను ఆడోళ్ళ డాక్టరునని మీకు తెలుసు. ఆ చదువు ముగించినాక, కడుపు పెద్దగా కొయ్యకుండా చిన్న రంధ్రాల్లోంచే గర్భసంచి ఆపరేషన్లు చేసే పని నేర్చుకోవాలని మద్రాసులో ఫెలోషిప్ అనే పై శిక్షణలో చేరినాను. ఆడ మొదట కత్తి ఇవ్వరు, కెమెరా ఇస్తారు. కెమెరా తగిలించిన సన్నటి గొట్టం కడుపులోకి పోతుంది, దాన్ని కదలకుండా పట్టుకోవడమే కొత్తవాళ్ళ పని, పెద్ద డాక్టర్లు టీవీ తెర చూస్తా ఆపరేషన్ చేస్తారు. నా చెయ్యి రవ్వంత కదిలినా తెర మీద అంతా ఊగిపోతుంది. మా చీఫ్ మేడమ్ "ఏమ్మా, మనం థియేటర్‌లో ఉన్నామా, మౌంట్ రోడ్డు బస్సులో ఉన్నామా?" అంటే అందరూ నవ్వినారు, నేనూ నవ్వినాను. కొన్నాళ్ళకు ఆమె నవ్వడం మానేసి, "చెయ్యి నిలవకపోతే నీకు సర్జరీ ఇవ్వలేను, వేరే దారి చూసుకో" అనింది. చిన్నప్పట్నుంచి నేను కోరుకున్నది ఆ పని ఒక్కటే. ఆ రోజు తిరువొత్తియూరులో మా ఇంటి దాకా రైల్లో ఎట్లా వచ్చినానో నాకే తెలీదు.

మా అమ్మ ఉపవాసం పట్టి, "ప్రభువా, నా బిడ్డ చేతి వణుకు తీసెయ్యి తండ్రీ" అని ఏడ్చి ప్రార్థించింది. నాకేమో ఏందీ, ఎందుకూ అని అడగకపోతే ఊపిరాడదు. అందరూ భయం అంటా ఉన్నారు, సరే, థియేటర్‌లో భయమే అనుకుందాం, మరి ఇంట్లో ఒక్కదాన్నే పాలు పోసుకునేటప్పుడు కూడా వణుకుతోందే, పాలగిన్నెకు నేనెందుకు భయపడాల? అందుకని మోకరించి ఇట్లా అడిగినాను: "ప్రభువా, అమ్మ అడిగింది నువ్వు విన్నావు, తీసేముందు ఇది ఏందో నాకు చూపించు."

కొన్నాళ్ళకు ఓపీలో ఒకామె నా ఎదురుగా కూర్చోని, నెలసరి తప్పుతోంది, గుండె దడ, ఊరికే చెమటలు, ఎంత తిన్నా చిక్కిపోతా ఉండాను, చెయ్యి నిలవడం లేదు డాక్టర్ అని అరవంలో చెప్తా ఉంటే, నేను తలెత్తకుండానే థైరాయిడ్ టెస్టు రాస్తా ఉన్నాను. మా దగ్గరికి ఏ ఆడమనిషి వచ్చినా మొదట రాసేది అదే, మాకు అలవాటు. రాసే నా చెయ్యి వణికింది. ఆమె అది చూసి, "మీకూనా డాక్టర్?" అనింది.

సహోదరులారా, ఊరందరికీ రాసే టెస్టు నాకు నేను ఎప్పుడూ రాసుకోలేదు. దడ వస్తే చీఫ్ మేడమ్ వల్ల అనుకున్నా, చెమట పడితే మద్రాసు ఎండ అనుకున్నా, చిక్కిపోతే క్యాంటీన్ సాంబారు అనుకున్నా. ఆ రోజే రక్తం ఇచ్చినాను, థైరాయిడ్ బాగా ఎక్కువగా ఉండాది, మాత్రలు మొదలుపెట్టినారు, వారాలు గడిచేకొద్దీ వణుకు తగ్గతా తగ్గతా పోయింది. ఒక పొద్దున ఆపరేషన్‌లో తెర కదల్లేదు. మేడమ్ ఒకసారి నా చేతివైపు చూసింది, చివర్లో సూది పట్టే పరికరం నా చేతిలో పెట్టి, "కుట్టు నువ్వు వెయ్యి" అనింది. వేసినాను. దేవునికే మహిమ.

మాత్ర ఇచ్చింది డాక్టరే, కాదనను. ఆ పూట ఓపీలో ఆ పేషెంటును నా ఎదురు కుర్చీలో కూర్చోబెట్టింది ఎవరు? మీలో ఎవరన్నా ఏదన్నా బాధను భయమనుకోని, రాత అనుకోని దాచుకోనుంటే, ఏందిది ప్రభువా అని అడగండి, అడిగినందుకు ఆయన కోపపడడు, నమ్మి అడగండి, ఆయన చూపించినాక డాక్టరు దగ్గరికి పోవడం మాత్రం మరవబాకండి. ఇంకాసేపట్లో ప్రభు బల్ల. ఈరోజు కూడా నేను ఆ తెల్లచీరే కట్టుకోని వచ్చినాను.